మున్సిఫ్ చేతిలో దుష్మన్ ఫౌజు

షత్రంజ్‌లో ప్యాదా పారిపోదు. ఎదురుగా ఏనుగు వచ్చి నిలబడినా, పక్కనున్న ప్యాదాలన్నీ బిసాత్ మీది నుంచి లేచిపోయినా, అది తన గడిలోనే ఉంటుంది. దానికి ఖౌఫ్ లేదు, ఆకలి లేదు, ఇంటి దగ్గర ఎదురుచూసే బీబీ పిల్లలు లేరు. హిందుస్తాన్‌లో చతురంగంగా పుట్టి, ఈరాన్‌లో షత్రంజ్ అయి, బాగ్దాద్ దర్బారులో అస్సూలీ వంటి ఉస్తాదుల చేతిలో ఒక ఇల్మ్‌గా మారిన ఈ ఆటలో జంగ్ ఉంది కాని, జంగ్‌లో మనిషి పడే భయం లేదు. పైగా రెండు ఫౌజులూ ఇద్దరి కళ్ల ముందే ఉంటాయి. మధ్యలో కూర్చుని ఫైసలా చెప్పే మూడోవాడితో పనే లేదు.

ఆ మూడోవాడు ఎక్కణ్నుంచి వచ్చాడు? ఫైసలా చెప్పడానికి వచ్చినవాడు మెల్లగా దుష్మన్ ఫౌజుకే సిపహ్‌సాలార్ ఎలా అయ్యాడు? ఈ తారీఖ్ ఎందుకు చెబుతున్నానంటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పేరు వినబడే ఇళ్లు ఇప్పుడు హైదరాబాదులోనూ ఉన్నాయి, డల్లాస్‌లో స్థిరపడిన మనవాళ్లలోనూ ఉన్నాయి. పిల్లలు ఏం ఆడుతున్నారో పెద్దలకు అంతుపట్టదు. బోర్డు ఉండదు, పందెం ఉండదు, గెలిచిందెవరో ఆట అయ్యాక కూడా తెలియదు. గంటల తరబడి మాటలే మాటలు.

ముక్తసర్‌గా చెబుతాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో కిర్దార్. ఒకరు తల్వార్ పట్టిన సిపాయి, ఒకరు జాదూగర్, ఒకరు తాళాలు తీసే చోర్. మిగతా దునియా అంతా ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఆయనే గేమ్ మాస్టర్. గుహలో ఎంత చీకటి ఉందో చెప్పేది ఆయన. సరాయి యజమాని గొంతుతో బేరమాడేది ఆయన. లడాయి మొదలైతే రాక్షసుల తరఫున చాల్ వేసేదీ ఆయనే. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి, కాని ఆ పాచికల అర్థం చెప్పేది మళ్లీ ఆయనే. అంటే దుష్మనూ ఆయనే, ఖాజీ కూడా ఆయనే.

మన పెద్దవాళ్లకు ఇటువంటి ఇంతెజామ్ కొత్త కాదు. కోస్తా పల్లెల్లో మునసబు ఉండేవాడు. మున్సిఫ్ అంటే ఇన్సాఫ్ చేసేవాడు. ఒకప్పుడు శిస్తు వసూలు చేసేదీ ఆయనే, చిన్నాచితకా తగువులు తీర్చేదీ ఆయనే. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆయన నీయత్ మంచిదైతే ఊరు హాయిగా ఉండేది. కాకపోతే ఏమయ్యేదో ఆ ఊళ్ల ముసలివాళ్లనడగండి. వసూలూ ఫైసలా ఒకే చేతిలో ఉంటే వచ్చే చిక్కే ఈ ఆటలోనూ ఉంది. ఆ చిక్కును దాటడానికి రెండు వందల ఏళ్లుగా మనుషులు రకరకాల తర్కీబులు వెతికారు.

కథ జర్మన్ గడ్డ మీద మొదలవుతుంది. 1780లో హెల్విగ్ అనే జర్మన్ ఉస్తాద్ షత్రంజ్ బిసాత్‌ను పెద్దది చేసి, గడులకు కొండలు, నదులు, మైదానాల రంగులు వేసి ఒక జంగీ ఆట తయారుచేశాడు. నెపోలియన్ చేతిలో ప్రష్యా ఘోరంగా దెబ్బతిన్న తర్వాత 1812లో రైస్‌విట్జ్ అనే బారన్ ఇంకో అడుగు వేశాడు. గడులు తీసేశాడు. నేలను నేలలాగే చూపించే ఒక బల్ల చేయించి రాజు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ముందు పెట్టాడు. ఆయన కొడుకు తోప్‌ఖానాలో లెఫ్టినెంట్. అతను 1824లో దీన్ని అసలైన ఫౌజీ తాలీమ్‌గా తీర్చిదిద్ది కితాబ్ అచ్చు వేయించాడు. పేరు క్రీగ్‌ష్పీల్, అంటే జంగీ ఆట. ఎనిమిది వేలలో ఒక వంతు కొలతతో గీసిన నఖ్షా, ఎరుపు నీలం రంగుల సీసపు ముక్కలు, ఒక్కో చాల్‌కు రెండు నిమిషాల జంగ్. జనరల్ స్టాఫ్ అధిపతి మఫ్లింగ్ మొదట పెద్దగా ఆసక్తి లేకుండానే కూర్చున్నాడట. ఆట నడిచేకొద్దీ ఇది వినోదం కాదు, జంగ్ నేర్పే మద్రసా అని పొంగిపోయి రెజిమెంట్లన్నిటికీ సిఫారసు చేశాడు.

మనకు కావలసింది ఆ నఖ్షా పక్కన కూర్చున్న మనిషి. రెండు పక్షాల అఫ్సర్లూ తమ హుకుములు కాగితం మీద రాసి ఆయనకివ్వాలి. ఆయన వాటిని నఖ్షా మీద అమలు చేస్తాడు. ఎవరి కంటికి ఏది కనబడుతుందో అంతే వాళ్లకు చూపిస్తాడు. కొండవెనక ఉన్న రిసాలా కొండ దాటేదాకా కనబడదు. షత్రంజ్‌లో లేని పరదా ఇక్కడ మొదటిసారి దిగింది. పరదాకు అటూ ఇటూ చూడగలిగేవాడు ఒక్కడే. జర్మన్‌లో ఆయన్ని నమ్మకస్తుడు అనే అర్థమొచ్చే మాటతో పిలిచారు. ఉర్దూలో మోతబర్ అనొచ్చు. (ఈ మోతబరే తెలుగులోకి వచ్చేసరికి మోతుబరి అయ్యాడు. నమ్మదగ్గవాడు కాస్తా ఆస్తిపరుడు అయిపోయాడు. లఫ్జులకు కూడా వాటి ఖిస్మత్ ఉంటుంది.)

అయితే ఈ మోతబర్ చేతులు ఖాయిదాలతో కట్టేసి ఉండేవి. తుపాకీ ఎంత దూరం నుంచి పేలితే ఎంతమంది పడతారో పట్టికల్లో చూడాలి, పాచిక వేయాలి, లెక్క కట్టాలి. రెండు నిమిషాల జంగ్‌కు ఎంతసేపు పట్టేదో ఊహించుకోండి. అఫ్సర్లకు విసుగు పుట్టింది. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే ప్రష్యన్ జనరల్ ఒక చిన్న కితాబులో సాఫ్‌గా చెప్పేశాడు: పట్టికలు పక్కన పెట్టండి, మైదానం చూసిన అనుభవం ఉన్న అఫ్సర్‌ను కూర్చోబెట్టండి, ఫైసలా ఆయన అక్ల్‌కు వదిలేయండి. దీన్ని స్వేచ్ఛా క్రీగ్‌ష్పీల్ అన్నారు. ఆట పరుగెత్తింది. దానితోపాటే షికాయత్ కూడా మొదలైంది: ఈ పెద్దమనిషి ఫైసలా ఇల్మ్ నుంచి వస్తోందా, ఇష్టాయిష్టాల నుంచా? ఈ సవాల్ 1876లో పుట్టి ఈ రోజు పిల్లల టేబుల్ దాకా వచ్చింది.

అట్లాంటిక్ దాటించింది టాటెన్ అనే అమెరికన్ ఫౌజీ. 1880లో స్ట్రాటెగోస్ అనే పెద్ద గ్రంథం రాశాడు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత మిన్నెసోటా యూనివర్సిటీ లైబ్రరీలో అది డేవిడ్ వెస్లీ అనే కుర్రాడి కంటబడింది. ఆటగాడు ఏ పనైనా ప్రయత్నించవచ్చు, అది సాధ్యమా కాదా అన్నది మున్సిఫ్ చెబుతాడు అన్న మాట అతనికి బాగా నచ్చింది. 1969లో బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణం కల్పించి దోస్తులకు ఒక్కొక్కరికి ఒక్కో కిర్దార్ ఇచ్చాడు. రెండు ఫౌజులు ఈ పట్టణం కోసం వస్తాయని అతని ప్లాను. ఫౌజులు వచ్చేలోగానే ఆటగాళ్లు ఒకరితో ఒకరు సాజిష్‌లు పన్నుకుని, తగువులు పెట్టుకుని ఆటను ఎటో తీసుకుపోయారు. వెస్లీ దీన్ని షికస్త్ అనుకున్నాడు. దోస్తులు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

ఆ దోస్తుల్లో ఒకడు డేవ్ ఆర్నెసన్. 1971లో బ్లాక్‌మూర్ అనే ఖిల్లా, దాని కింద తహ్‌ఖానాలు, వాటిలో రాక్షసులు తయారుచేశాడు. తారీఖ్ మలుపు తిరిగింది ఇక్కడే. ప్రష్యాలో రెండు పక్షాలూ మనుషులే, మధ్యవాడు నిష్పాక్షికుడు. బ్లాక్‌మూర్‌లో కూడా తొలి రోజుల్లో దుష్టపక్షాన్ని కొందరు ఆటగాళ్లే ఆడారు. కాని తహ్‌ఖానాలోకి దిగే టోళీకి ఎదురుగా ప్రతి మూలలో ఒక రాక్షసుడు కావాలి. అన్ని రాక్షసులకు అంతమంది ఆటగాళ్లను ఎక్కడ తెస్తాం? ఎర్ర ఫౌజు కుర్చీ ఖాళీ అయింది. మున్సిఫ్ లేచి వెళ్లి అందులో కూర్చున్నాడు. తన పాత కుర్చీ మాత్రం వదల్లేదు.

1972 చివర్లో ఆర్నెసన్ ఈ ఆటను విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్‌కు చూపించాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న కితాబులుగా వెయ్యి కాపీలు అచ్చయింది. వాటిలో గేమ్ మాస్టర్‌ను ఇంకా రెఫరీ అనే పిలిచారు. ఫౌజీ ఆట వాసన పోలేదన్నమాట.

రాక్షసుల జాబితా చూస్తే మనకు నవ్వొస్తుంది. ఘూల్ అక్కడ గౌల్ అయ్యాడు. జిన్ ఉన్నాడు. ఇఫ్రీత్ కాస్తా ఎఫ్రీత్ అయ్యాడు. 1979లో వచ్చిన గేమ్ మాస్టర్ల గైడు అట్ట మీద కనబడే ఎర్రటి భారీ శాల్తీ ఈ ఇఫ్రీతే. అట్ట వెనక ఉన్నది అలిఫ్ లైలాలోని ఇత్తడి నగరం. మన నానీ దాదీల కథల్లోంచి నడిచి వెళ్లినవాళ్లు వీళ్లు. అలిఫ్ లైలాలో సీసాలోంచి వచ్చిన ఇఫ్రీత్‌ను జాలరి తల్వార్‌తో ఓడించలేదు. ఇంత పెద్దవాడివి ఇంత చిన్న సీసాలో ఎలా పట్టావని అడిగాడు, అంతే. ఈ ఆట తొలి ఖాయిదాల్లో కూడా ఆ దారి ఉంది. రాక్షసుడు ఎదురుపడగానే రెండు పాచికలు వేసి అతని మిజాజ్ తెలుసుకోవచ్చు. మొత్తం తక్కువ వస్తే దుష్మనీ, మధ్యలో వస్తే తటపటాయింపు, ఎక్కువ వస్తే దోస్తీకి అవకాశం. లడాయి తప్పనిసరి కాదు. ఇది ఇప్పటి పిల్లలు మరిచిపోయిన ఖాయిదా అని నా షికాయత్. కనబడగానే కత్తి దూస్తారు.

రెండో ఖాయిదా హౌస్లాకు సంబంధించింది. షత్రంజ్ ప్యాదాకు లేని ఖౌఫ్‌ను ఇక్కడ అంకెల్లో పెట్టారు. 1981లో మోల్డ్‌వే కూర్చిన బేసిక్ కితాబులో ప్రతి రాక్షసుడికి రెండు నుంచి పన్నెండు దాకా ఒక అంకె ఉంది. తమవైపు మొదటి శవం పడినప్పుడు ఒకసారి, సగంమంది పోయాక ఇంకోసారి గేమ్ మాస్టర్ రెండు పాచికలు వేస్తాడు. మొత్తం ఆ అంకె దాటితే వాళ్లు వెనక్కి తగ్గుతారు, లేదా చేతులెత్తేస్తారు. మామూలు గోబ్లిన్ అంకె ఏడు. అంటే 36లో 15 సార్లు పారిపోతాడు. అదే గోబ్లిన్ల బాద్షా బతికి పక్కనే ఉంటే అంకె తొమ్మిది, పారిపోయేది 36లో 6 సార్లే. అస్థిపంజరాలకూ జాంబీలకూ పన్నెండు. వాటికి పోయే జాన్ లేదు కాబట్టి పారిపోవు.

ఈ చిన్న లెక్కలో ఎంత ఇన్సాఫ్ ఉందో చూడండి. రాక్షసులు ఎప్పుడు వెనుదిరగాలో గేమ్ మాస్టర్ మనసు తేల్చడం లేదు, పాచిక తేలుస్తోంది. ఆటగాళ్లకు కూడా ఒక రాజ్ తెలిసిపోతుంది. ముందు బాద్షాను పడగొడితే మిగతావాళ్ల కాళ్లు వణుకుతాయి. అది తెలిసిన గేమ్ మాస్టర్ బాద్షాను వెనక వరసలో, డాలు పట్టిన ఇద్దరి మధ్య పెడతాడు. రెండు వైపులా అక్ల్ పని చేస్తోంది. తర్వాతి ఎడిషన్లలో ఈ ఖాయిదా ముందు వరసలోంచి వెనక్కి పోయింది. రాక్షసులు మళ్లీ ప్యాదాలయ్యారు. చివరివాడు పడేదాకా కొట్టుకుంటూనే ఉంటారు. లడాయిలు గంటల తరబడి సాగడానికి ఒక సబబు ఇదే.

గైగాక్స్ రాసిన 1979 నాటి ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్’ అనే సాహసయాత్రలో గోబ్లిన్ల గుహ ఒకటుంది. పక్కగుహలో ఓగర్ అనే భారీ రాక్షసుడు ఉంటాడు. మధ్యలో రహస్య ద్వారం. టోళీ దాడి చేయగానే గోబ్లిన్లు 250 బంగారు నాణాల సంచి ఆ ఓగర్‌కు అందించి సాయం రమ్మంటారు. కిరాయి సిపాయి అన్నమాట. వచ్చినవాడు మాత్రం గోబ్లిన్ల మీద ప్రేమతో రాలేదు, సంచి కోసం వచ్చాడు. తెలివైన టోళీ ఇంకో పెద్ద సంచి చూపిస్తే? అచ్చులో ఉన్నది రెండు మూడు వాక్యాలే. గేమ్ మాస్టర్‌కు కావలసినంత రాజ్‌నీతి అందులో ఉంది.

అంతకు ముందు ఏడాది, 1978లో, వచ్చిన రాక్షసజాతి యాత్రల్లో ఇంకో హిదాయత్ ఉంది. టోళీ ఒకసారి కొట్టి పారిపోయి మళ్లీ వస్తే, లోపలివాళ్లు ఊరికే కూర్చుని ఉండరు, పాఠం నేర్చుకుని మాటు వేసి ఉంటారు అని. 1979 గైడులో గైగాక్స్ దీన్నే విప్పి చెప్పాడు. అస్థిపంజరాలూ జాంబీలూ రెండోసారి కూడా మొదటిసారి ఉన్నట్టే ఉంటాయి. పెద్ద చీమలు పుట్టను బాగుచేసుకుంటాయి, అంతకు మించి ఆలోచించవు. ఆర్క్‌లు పహారా పెంచుతారు. పట్టణం, డాకూల డేరా, ఖిల్లా ఒక్కొక్కటీ తన ఇంతెజామ్‌ను బట్టి బదులిస్తుంది. చాల్ మార్చుకునే హక్కు దిమాగ్‌ను బట్టి వస్తుందన్నమాట. నా లెక్కలో ఈ మొత్తం తారీఖ్‌లో ఇంత పదునైన ఆలోచన ఇంకోటి లేదు. చాల్ మార్చవచ్చా అన్న సవాల్‌కు ఇక్కడ జవాబు గేమ్ మాస్టర్ మూడ్‌ను బట్టి లేదు, రాక్షసుడి మిజాజ్‌ను బట్టి ఉంది.

దీనికి పరాకాష్ఠ 1987 నవంబరులో డ్రాగన్ అనే పత్రిక 127వ సంచికలో వచ్చింది. సంపాదకుడు రోజర్ మూర్ తాను ఎరిగిన టకర్ అనే గేమ్ మాస్టర్ గురించి ఒక పేజీ రాశాడు. కోబోల్డ్ అంటే ఈ ఆటలో అందరికంటే అల్పుడు. ఒక్క దెబ్బకు పడిపోతాడు. కొత్తగా చేరిన కుర్రాళ్లు కూడా వాళ్లను లెక్కచేయరు. టకర్ తహ్‌ఖానా మొదటి అంతస్తులో ఉన్నవాళ్లు ఈ కోబోల్డ్‌లే. బలంలో ఒక్క అంకె కూడా పెంచలేదాయన. దిమాగ్ ఒక్కటే ఇచ్చాడు. వాళ్లు తలుపులు మూసి అటువైపు నుంచి బిగించేవాళ్లు. దారిలో మంటలు పెట్టేవాళ్లు. తాము మాత్రమే దూరగల సన్నని సొరంగాల్లోంచి, గోడ కంతల్లోంచి బాణాలు వేసేవాళ్లు. ఎదురుగా నిలబడి కొట్లాడమంటే నిలబడేవాళ్లు కాదు. ఆరు నుంచి పన్నెండో స్థాయి దాకా ఎదిగిన బహాదుర్‌లు సామాను పారేసి, సాయానికి తెచ్చుకున్న మనుషుల్ని పోగొట్టుకుని పరుగెత్తారు. పదో అంతస్తులోని మండే భూతాలే నయం అనుకునేంత ఖౌఫ్ పట్టుకుంది వాళ్లకు.

దక్కన్ ఖిల్లాలు చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. గోల్కొండ దర్వాజా ముందు అడ్డంగా కట్టిన గోడ చూడండి. ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దడానికి చోటే లేకుండా చేశారు. ఏనుగు బలం తగ్గలేదు, పరుగు తీసేశారు, అంతే. టకర్ చేసింది కూడా ఇదే. దీంట్లో బేఇమానీ ఎక్కడుంది? కోబోల్డ్‌లు తమ ఇల్లు తమకు తెలిసినట్టు వాడుకున్నారు. ఆటగాళ్లకు కూడా పొగ పెట్టే హక్కు ఉంది, సొరంగాలు మూసే హక్కు ఉంది, సుల్హ్ చేసుకుని సుంకం కట్టి దాటే హక్కు కూడా ఉంది.

బేఇమానీ వేరే చోట ఉంది. లడాయి మధ్యలో రాక్షసుడు పడిపోబోతున్నాడు, మజా తగ్గిపోతుందని గేమ్ మాస్టర్ పరదా వెనక అతని ప్రాణం ఇంకో ఇరవై పెంచాడు. ఎవరికీ కనబడదు. లేదా జాదూగర్ అమ్మాయి అరగంట నుంచి నిద్రమంత్రం పన్నాగం చెవిలో చెప్పుకుంటూ ఉంటే విని, రాక్షసులందరికీ హఠాత్తుగా ఆ మంత్రం తగలకుండా చేశాడు. ఈ రెండోది ఇంకా నీచం. ఆ మాట విన్నది గేమ్ మాస్టర్ చెవులు, రాక్షసుడి చెవులు కావు. రైస్‌విట్జ్ నఖ్షా పక్కన కూర్చున్న మోతబర్ ఒక పక్షం కాగితాన్ని ఇంకో పక్షానికి చదివి వినిపించినట్టే ఇది. ప్రష్యా ఫౌజులో అయితే మళ్లీ ఆ కుర్చీలో కూర్చోనిచ్చేవాళ్లు కాదు.

అటువైపు రహ్మ్ సంగతి కూడా ఉంది. బాగా ఆడిన ఆటగాడు కేవలం పాచిక ఖిస్మత్ వల్ల చావబోతుంటే? 1979 గైడులోనే గైగాక్స్ గేమ్ మాస్టర్‌కు ఇజాజత్ ఇచ్చాడు: చంపకుండా స్పృహ తప్పినట్టో, ఒక చెయ్యి పోయినట్టో చెప్పవచ్చు. దీని మీద తగువు ఇంకా తెగలేదు. నాకైతే పాచికను మార్చడం కంటే చాల్‌ను మార్చడం మంచిదనిపిస్తుంది. పడిపోయిన పిల్లవాడి మీద తోడేలు ఇంకో కాటు వేయనక్కర్లేదు. నిలబడి కొడుతున్నవాడి వైపు అది తిరగడం సహజమే. డాకూ అయితే చంపడు, కట్టేసి ఫిరౌతీ అడుగుతాడు. చంపితే వాడికి దక్కేదేముంది? ఇందులో రహ్మ్ కూడా ఉంది, అబద్ధం లేదు. అయితే ఆకలితో ఉన్న ఘూల్‌కు ఈ లిహాజ్ వర్తించదు. పిల్లలు ఆ సంగతి తెలిసే ఆ సమాధుల్లోకి దిగాలి.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ రాక్షసులకు పేషాలు పంచింది. ముందుకు దూకేవాడు బ్రూట్, అడ్డుగా నిలిచేవాడు సోల్జర్, కొట్టి జారుకునేవాడు స్కర్మిషర్, దూరం నుంచి కొట్టేవాడు ఆర్టిలరీ, చాటున మాటువేసేవాడు లర్కర్, మైదానాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకునేవాడు కంట్రోలర్. కొత్త గేమ్ మాస్టర్లకు ఇది చాలా సులువు చేసింది. కాని తోడేలుకూ డాకూకూ ఒకే బిళ్ల తగిలిస్తే తోడేలుతనం ఎక్కడ మిగులుతుంది? 2016 నుంచి కీత్ ఆమన్ అనే రచయిత ఈ పనికి ఎదురుదిశలో పూనుకున్నాడు. ‘ది మాన్‌స్టర్స్ నో వాట్ దే ఆర్ డూయింగ్’ అనే పేరుతో ఒక్కో రాక్షసుణ్ని తీసుకుని, కితాబులో అతనికి రాసిన అంకెల నుంచే అతను ఎలా లడాయి చేస్తాడో రాబట్టాడు. 2019లో అది పుస్తకంగా వచ్చింది. బలమూ దమ్మూ ఉన్నవాడు మీద పడతాడు. చురుకుదనం ఉండి బలం లేనివాడు కొట్టి దాక్కుంటాడు. అక్ల్ ఉన్నవాడు ముందు ఎవర్ని పడగొట్టాలో ఎంచుకుంటాడు. బతకాలన్న కోరిక ఉన్న ఏ ప్రాణి అయినా గాయం ముదరకముందే తప్పుకుంటుంది. మోల్డ్‌వే పాచికతో చేసిన పనిని ఆయన జంతువు స్వభావంతో చేస్తున్నాడు.

మా ఇంట్లో గేమ్ మాస్టర్ కుర్చీ ఇప్పుడు పన్నెండేళ్ల పిల్లది. తమ్ముళ్లు రోజూ కొట్లాట, అక్క మోసం చేస్తోందని. నేను ఒక చిన్న తర్కీబ్ చెప్పాను. ఆట మొదలయ్యే ముందు ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాయమన్నాను: ఈ రాక్షసులకు ఏం కావాలి, వాళ్లకు ఏం తెలుసు, దేనికి భయపడతారు, ఎంతమంది పడితే పారిపోతారు. మడిచి బల్ల మధ్యలో, చాయ్ కప్పు కింద పెట్టమన్నాను. లడాయి ఖతమయ్యాక తమ్ముళ్లే తీసి చదువుకుంటారు. పోయిన జుమా రోజు చదివాక చిన్నవాడి షికాయత్ మారిపోయింది. ఓగర్‌కు బంగారం కావాలని రాసి ఉంటే మనమెందుకు అడగలేదు అని అన్నయ్య మీద పడ్డాడు.